ఒక్క బైటు కొసరు

మా నాయన రైసుమిల్లుల బాయిలర్ నడిపిస్తడు. ముందుగాల గా సంగతి చెప్పాలె. లేకుంటే కంప్యూటర్ల ఒక చిన్న తప్పుకు గింత భయపడుడేంది, ఈమెకు పిచ్చా అనుకుంటరు.

మిల్లు రాయచూరు బయట చిక్కసూగూరు ఊరు దాటినంక హైదరాబాద్ రోడ్డు మీదనే ఉంటది. స్టీమ్ బియ్యం పడతరు. వడ్లకు ఆవిరి కావాలె, ఆవిరికి బాయిలర్ కావాలె, బాయిలర్ కింద పొద్దంత ఊక మండుతుండాలె. ముప్పై ఏండ్ల సంది నాయన గా మంట కాడనే. లోపల నీళ్లు తగ్గకుండ చూసుకునుడే ఆయనకు అన్నిటికన్న పెద్ద పని. నీళ్లు తగ్గితే గొట్టాలు ఎర్రగ కాలుతయి. గప్పుడు పగిలిందంటే దగ్గరున్నోళ్లు దక్కరు. నా చిన్నప్పుడు నాయన ఇంటికొచ్చుడు ఆలస్యమైతే మా అమ్మ గడపల నిలబడి రోడ్డు దిక్కు చూసేది. ఏమైందమ్మా అంటే ఏం లేదు పో అని కసిరేది. ఆ కసురుడేందో నాకు పెద్దగయినంక అర్థమైంది.

నేను రాయచూరుల ఒక చిన్న కంపెనీల ప్రోగ్రాములు రాస్త. కంపెనీ అంటే రెండు రూములు, ఐదుగురు మనుషులు. మిల్లులకు బోర్డులు చేస్తం. బాయిలర్ల నీళ్లెన్ని ఉన్నయో కొలిచి, తగ్గితే పంపు నడిపిచ్చి, నూటికి ఎంత నిండిందో తెర మీద అంకె చూపెట్టే బోర్డులు. మరీ తగ్గితే గంట కొడతయి. వాటన్నిటి లోపల సి భాషల నేను రాసిన లైబ్రరీ, అంటే అన్ని బోర్డులు వాడుకునే ప్రోగ్రాము, ఒక్కటే ఉంటది. మొట్టమొదటి బోర్డు మా నాయన మిల్లుకే పోయింది. ఆయన సంబరం చూడాలె! వచ్చిన లారీ డ్రైవర్లకు గూడ చూపెట్టేటోడు, "నా బిడ్డ చేసింది, జర చూడు" అని. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

ఇప్పుడు ఆ లైబ్రరీ సంగతి జర ఓపికతోని వినాలె. ఒక్కో బాయిలర్‌కు అండ్ల ఒక్కో ఆబ్జెక్టు ఉంటది. పెద్ద మాటేం కాదు. బాయిలర్ పేరేంది, నీళ్లెన్ని, పంపు తిరుగుతుందా, ఇప్పటిదాక మొత్తం ఎంతసేపు తిరిగింది, ఇవన్ని ఒక్క కాడ పెట్టుకునే అర, గంతే. మెమొరీల ఆ అరలు ఒకదాని పక్కకు ఒకటి వరుసగ ఉంటయి. ఒక్కోటి నలభై ఎనిమిది బైట్లు. ప్రతి అరా ఎనిమిదితోని శేషం లేకుండ తెగే నంబరు కాడ మొదలు కావాలె. దీన్నే అలైన్‌మెంటంటరు. షాబాదు బండలు పరిచేటప్పుడు మేస్త్రి దారం కట్టుకుంటడు చూడండి, ఒక బండ అంగుళం జరిగితే దాని ఎనకున్న వరుసంత జరుగుతది. గట్లనే ఇది గూడ. ప్రోగ్రామును చిప్పు భాషలకు మార్చే కంపైలర్‌కు వదిలిపెడితే అదే సర్దుతది. కాని చిన్న చిప్పుల జాగ తక్కువ, ఒక్క బైటు వృథా కావద్దని నేనే చేతితోని పంచుతుంటి. నలభై ఎనిమిది ఎనిమిదితోని తెగుతది కాబట్టి ఏడాది సంది ఏ తిప్పలా రాలె. తిప్పల నేనే తెచ్చిన.

మిల్లు సావుకారు రెండో బాయిలర్ కొన్నడు, ఎవరో వాడిందే. దానికి దేవుని పేరు పెట్టిండు, కన్నడల, గింత పొడుగు. అరల చివరికి పేరు ఉంటది. ఈ పేరు ఆఖరి బైటు దాక నిండిపోయి, పేరు అయిపోయిందని చెప్పే గుర్తుకు జాగ లేక పక్క అరలకు పోయి పడ్డది. ఓ, ఇంతేనా అనుకున్న. ఒక్కో అరకు ఒక్క బైటు ఎక్కువిస్తే పాయె. నలభై ఎనిమిది తీసి నలభై తొమ్మిది చేసిన. పక్కకు "కొసరు" అని గూడ రాసుకున్న.

మా ఇంట్ల కొసరు లేని బేరం లేదు. బజార్ల వంకాయలు కొంటే రెండు మిరపకాయలు కొసరు. పాలామె కొలిచి పోసినంక ఇంకో చుక్క కొసరు. పక్కింటోళ్లు జొన్నపిండి బదులు అడిగితే మా అమ్మ గిన్నె నిండ కొలిచి, పైన మళ్ల పిడికెడు ఏస్తది. కొలిచినంత కొలిచి చెయ్యి దులుపుకునేటోళ్లంటే మాకు చిన్నచూపు. గా బుద్ధితోనే మెమొరీకి గూడ కొసరు ఏసిన. ఏసి, భలే పని చేసినవే అని నన్ను నేను మెచ్చుకున్న గూడ, సిగ్గులేనిదాన్ని.

మొదటి అర సున్నా కాడ మొదలైతది, దానికేం కాదు. రెండోది నలభై తొమ్మిది కాడ. తెగదు. ఈ సంగతి నాకు తెల్వదా అంటే తెలుసు. కొత్తగ చేరినోళ్లకు ఈ పాఠం చెప్పేదే నేను! తల్లితోడు, ఆ దినం ఆ పాఠం నా తలకాయల యాడ దాక్కుందో నాకు తెల్వదు.

బల్ల మీద పరీక్ష చేసిన. రెండు బకెట్లల నీళ్లు పోసి, ఇవే బాయిలర్లనుకొని, చెంబుతోని తీసుడు, పోసుడు. తెర మీద అంకె తగ్గింది, పెరిగింది. పంపు నడిచింది, గంట మోగింది. ఇరవై నిమిషాలు చూసి లాప్‌టాప్ సంచిల ఏసుకున్న.

తెల్లారి మిల్లుకు పోయి బోర్డుల కొత్త ప్రోగ్రాము ఎక్కిచ్చిన. పాత బాయిలర్‌ను సున్నం గీకనీకి ఆపినరు, కొత్తదే ముట్టిచ్చేది. సావుకారు టెంకాయ కొట్టిండు. నాయన నాతోనే స్విచ్ ఏపిచ్చి, పొయ్యిల ఊక పోసి మంట పెట్టిండు. అన్నం తినిపో అన్నడు. పనుంది నాయనా అని వచ్చేసిన.

ఆఫీసుకొచ్చి బల్ల మీద పరీక్ష చేసిన బోర్డును గూడ చాలు చేసిన. మిల్లోళ్లకు ఎట్ల వాడాలెనో కాగితం రాసియ్యాలె, దానికి ఫోటోలు కావాలె. కాగితం రాసుకుంట కూసున్న. గంట దాటింది. నీళ్లు తగ్గినప్పటి ఫోటో ఒకటి కావాలని రెండో బకెట్ల నుంచి రెండు చెంబుల నీళ్లు తీసిన.

అంకె కదలలె.

ఇంకో చెంబు తీసిన. బకెట్టు సగమైంది. తెర మీద డెబ్బై ఒకటి అనే ఉంది. పంపు నడవలె, గంట కొట్టలె. వైరు ఊడిందేమో అని చూసిన, ఊడలె. కేబుల్ పెట్టి లోపలికి చూస్తే చిప్పు ఒక్క కాడనే బిగుసుకుపోయి ఉంది. ఏ నంబరు కాడ చదవబోయి ఆగిందో చూసిన. బేసి నంబరు. ఇంకేం చూసే పని లేదు, కొసరే.

ఈ చిప్పుకు ఒక గుణముంది. చిన్న అంకె తప్పు జాగల ఉన్నా ఎట్లనో తంటాలుపడి చదువుకుంటది. ఎనిమిది బైట్ల పెద్ద అంకె తప్పు జాగల ఉంటే మాత్రం నా వల్ల కాదని కూలబడతది. మా అరల పెద్ద అంకె ఒక్కటే, పంపు మొత్తం తిరిగిన సమయం. దాన్ని గంటకొకసారి ముడతది. ఇరవై నిమిషాల పరీక్షల అది రానేలేదు. చిప్పు కూలబడితే తెరకేమో ఆ సంగతి తెల్వదు, ఆఖరుకు ఏం చూపెట్టిందో అదే చూపెట్టుకుంట ఉంటది. ఆగి ఉన్న పంపు ఆగే ఉంటది. గంట కొట్టాల్సింది గూడ ఆ చిప్పే. బిగుసుకుపోతే దానంతట అదే మళ్ల మొదలయ్యేటట్టు ఒక కావలి పెట్టొచ్చు. పరీక్షలప్పుడు అడ్డమొస్తుందని తీసేసి, మళ్ల పెట్టుడు మరిచిపోయిన.

మిల్లుల బోర్డు నా బోర్డుకంటే అర్ధగంట ముందు చాలైంది. అంటే అది బిగుసుకుపోయి అర్ధగంట దాటింది. కింద మంట మండుతుంది, పైన ఆవిరి పోతుంది, లోపలికి చుక్క నీళ్లు పోతలేవు. తెర మీద ఎప్పుడో ఆగిన అంకె. దాని ముందట మా నాయన.

బల్ల మీది ఫోన్ తీసుకున్న.

నాయనకు ఫోన్ చేసిన. మోగి మోగి ఆగింది. ఫోన్‌ను అన్నం సంచిల పెట్టి గోడకున్న మొలకు తగిలిస్తడు, మంట కాడికి తీసుకపోడు. మళ్ల చేసిన, మళ్ల చేసిన. మా సారు, అంటే మా కంపెనీ ఓనరు, ఏందమ్మా పరేషాన్ అని వచ్చిండు. చెప్పిన. ఆయన మొఖం గూడ తెల్లబడ్డది. కాని ఏమన్నడో తెలుసా? "ఆగు, తొందరపడి బోర్డు ఖరాబైందని వాళ్లకు చెప్పకు, మన పేరు పోతది. ఏదో చిన్న చెకింగ్ ఉందని చెప్పు." నాకు ఒళ్లు మండింది. "మీ పేరు మీరే పెట్టుకోండి సార్, ఆడ మా నాయన ఉన్నడు" అన్న. ఆయన్ను అంతకుముందు ఎన్నడు ఎదిరిచ్చి మాట్లాడలె.

మిల్లు సూపర్‌వైజర్ మూడోసారికి ఎత్తిండు. ఎనక మిషిన్ల మోత. నేను గొంతు చించుకొని అరుస్తున్న, నీళ్లు, నీళ్లు చూడండి అని. ఆయన షెడ్డు దర్వాజల నుంచి తొంగి చూసినట్టుండు, నవ్వుకుంట చెప్పిండు, "ఏనిల్ల బిడ్రి, ఏం కాలె, అరవై రెండుంది. మీ స్క్రీను మస్తు పనిచేస్తుందమ్మా."

"తెర చూడొద్దు! గ్లాసు చూడండి! గ్లాసు!" అని అరిచిన. ఆఁ ఆఁ అన్నడు. ఫోన్ కట్టయింది. మళ్ల కలవలె.

బాయిలర్‌కు పక్కకు నీళ్ల గ్లాసని ఒకటుంటది, లోపల ఎంత నీళ్లుంటే అండ్ల అంత కనబడతది. దాన్ని నమ్ముకొనే నాయన ముప్పై ఏండ్లు బతికిండు. బోర్డు వచ్చినంక దాని దిక్కు ఎవరు చూస్తరు? నేనే చెప్పిన కదా, ఇంక బేఫికర్‌గ ఉండు నాయనా అని.

స్కూటీ తీసిన. హెల్మెట్ పెట్టుకున్ననో లేదో యాదికి లేదు. హైదరాబాద్ రోడ్డు మీద కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే ట్యాంకర్లు ఒకదాని ఎంబడి ఒకటి, దారియ్యవు. బాయిలర్ల కరిగే బిళ్ల ఒకటి ఉంటది, నీళ్లు మరీ తగ్గితే అది కరిగి ఆవిరి మంట మీద పడి ఆర్పుతది, నాయనే చెప్పిండు చిన్నప్పుడు. దాన్నే యాది చేసుకుంట పోతున్న. ఆ ఎంబడే ఇంకో మాట యాదికొచ్చె, ఇది ఎవరో వాడి అమ్మిన బాయిలర్, ఆ బిళ్ల మార్చినరో లేదో. అయ్యో దేవుడా! ట్యాంకర్ పక్క నుంచి దూరితే డ్రైవర్ తిట్టిండు. తిట్టనీ. ఎదురుంగ అంబులెన్సు ఒకటి వచ్చింది, రాయచూరు దిక్కు పోతుంది. అది నన్ను దాటిపోయే దాక నేను ఊపిరి తీసుకోలె. ఆపి అడుగుదామా అనిపిచ్చింది. అడగనీకి భయమైంది. మా అమ్మకు ఏమని చెప్పాలె, ఎట్ల మొదలుపెట్టాలె, నాయనా అని పిలవనీకి ఇంక ఎవరుంటరు, గివే మాటలు తలకాయల. ఏడుస్తున్ననని గూడ తెల్వలె, దుమ్ముకు కండ్లు మండుతున్నయనుకున్న.

మిల్లు కనబడ్డది. గోడలు నిలబడే ఉన్నయి. కాని గొట్టంల నుంచి ఆవిరి లేదు, లోపల మోత లేదు. గేటు కాడ స్కూటీ పడేసి ఉరికిన.

షెడ్డు ముందట పొగ. పొయ్యిల నుంచి గుంజిపారేసిన నిప్పులు నేల మీద కుప్పలు కుప్పలుగ ఉన్నయి, హమాలీలు వాటి మీద ఇసుక చల్లుతున్నరు. పక్కకు గోనెసంచుల మీద నాయన కూసోనున్నడు. కనుబొమ్మలు కాలి పొట్టిగయినయి. నన్ను చూసి నవ్విండు.

"ఏందే, అన్నం తిననీకి వచ్చినవా?"

నేను ఆడనే కూలబడ్డ. ఆయన నా మొఖం చూసి, నవ్వు ఆపి, పక్కకు జరిగి జాగిచ్చిండు.

"ఒక్క మాట చెప్పు బిడ్డా," అన్నడు. "నీ తెర నిజమా, గ్లాసు నిజమా?"

"గ్లాసే నాయనా."

తలకాయ ఊపిండు. తర్వాత మెల్లగ చెప్పిండు. గ్లాసుల నీళ్లు కనబడలేదంట. తెర చూస్తే అరవై రెండు. మా దిక్కు బోరునీళ్లకు సున్నం ఎక్కువ, గ్లాసు మూసుకపోవుడు మామూలే. "నా బిడ్డ చేసింది తప్పు చెప్తదా, గ్లాసే మూసుకపోయుంటది అనుకున్న. అనుకొని ఇంకో మూడు గంపల ఊక ఏసిన."

మూడు గంపలు. నీళ్లు లేని బాయిలర్ కింద.

"మరెట్ల తెలిసింది?"

"ఎందుకో మనసు ఒప్పలె. గ్లాసు కింది కొళాయి తిప్పిన. మూసుకపోతే ఏం రావద్దు, నీళ్లుంటే నీళ్లు రావాలె. ఉత్త ఆవిరి వచ్చింది, సుయ్యిమని. గప్పుడు ఇంక పార పట్టుకొని నిప్పులు గుంజుడే గుంజుడు."

చల్లనీళ్లు పెట్టకపోవుడే మంచిదైందంట, కాలిన గొట్టాల మీద నీళ్లు పడితే గప్పుడే పగిలిపోతుండె అన్నడు. సూపర్‌వైజర్ పంపు ఏద్దామని ఉరికొస్తే చెయ్యి పట్టి గుంజి పక్కకు పడేసిండంట. అదంత ఏదో బండి పంక్చరైన సంగతి చెప్పినట్టు చెప్తుండు. నేను చేసింది చెప్పిన, ఒక్క బైటు, కొసరు, అరలు, అన్ని. ఎంత అర్థమైందో. "కొసరిచ్చినోళ్లు చెడిపోరంటరు కదనే," అన్నడు. అని మళ్ల నవ్వబోయిండు. నేను నవ్వలె.

చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, ఆ వారమంత కూసొని అన్ని సరిచేసిన. కొసరు ఏసినా, ఏయకున్నా, అర ఎప్పుడు ఎనిమిదితోని తెగేంత సైజుకు పెరిగి ఆగేటట్టు రాసిన. తెగని నంబరిస్తే ప్రోగ్రామే తయారు కాదు. కావలి పెట్టిన. బల్ల మీద మూడు దినాలు ఆపకుండ నడిపిచ్చిన, పక్కనే చాప ఏసుకున్నంత పని చేసిన. గంట కొట్టే తీగను గూడ బోర్డు నుంచి తీసి, బాయిలర్‌కే నీళ్ల మీద తేలే వేరే ఫ్లోటు పెట్టిపిచ్చిన. మా సారు ఖర్చని సణిగిండు, నేను వినలె.

బాయిలర్‌ను ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరే అన్నంక మళ్ల ముట్టిచ్చే దినం వచ్చింది. సావుకారు మళ్ల టెంకాయ తెచ్చిండు. అందరు బోర్డు చుట్టు నిలబడ్డరు. నాకు స్విచ్ ఏయనీకి చెయ్యి రాలె. నాయనను పక్కకు పిలిచిన.

"ఈసారి బాగయ్యిందా?" అన్నడు.

"బాగయ్యింది. అయినా నువ్వు నమ్మొద్దు."

"ఏం మాటనే అది? బిడ్డను నమ్మకుంటే ఇంకెవరిని నమ్మాలె?"

"నన్ను నమ్ము. నేను చేసినదాన్ని నమ్మకు. అర్ధగంటకొకసారి గ్లాసు చూస్తనని ఒట్టెయ్యి. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఎయ్యి."

"ఇంకా చిన్నపిల్లవేనా," అని ఎగతాళి చేసిండు. చుట్టున్నోళ్లు నవ్వినరు. నాయన గూడ నవ్వుకుంటనే చెయ్యెత్తి నా నెత్తి మీద పెట్టిండు.

ఆ చెయ్యి వణుకుతుండె. జరసేపట్ల ఆగుతదనుకున్న, ఆగలె.

"ఎప్పటి సంది నాయనా?" అని మెల్లగ అడిగిన.

చెయ్యి తీసి తువాలల చుట్టుకున్నడు. "గా దినం సంది," అన్నడు. "మీ అమ్మకు చెప్పకు."